చిలికాలో సొంత పడవ: ఏ రేవు, ఏ వేళ, ఎంతసేపు?

కార్తికం వెళ్లగానే చిలికా సరస్సు గురించి ఉత్తరాలు పెరుగుతాయి. ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలామటుకు ఇంటిల్లిపాదీ ఒక చిన్న పడవ మాట్లాడుకుని వెళ్లడం గురించే. అందుకే శీర్షిక మొత్తం వాటికే కేటాయించాం.

రెండు రోజుల్లో చిలికా చూసి రావాలనుకుంటున్నాం. మేం ఆరుగురం. అమ్మకు 72 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. పిల్లలేమో డాల్ఫిన్లు, పక్షులు, గుడి, సముద్రం అన్నీ చూడాలంటున్నారు. ఒకే పడవలో అన్నీ తిరిగి రావచ్చా?
– ఒక పాఠకురాలు, విజయనగరం

రాలేరమ్మా. చిలికా మన ఊరి చెరువులాంటిది కాదు. వానాకాలంలో 1,100 చదరపు కిలోమీటర్లు దాటిపోతుంది, మండువేసవిలో 900 దాకా తగ్గుతుంది. పూరీ, ఖుర్దా, గంజాం, మూడు జిల్లాలకు ఆనుకుని ఉంది. చిన్న ఇంజను పడవ గంటకు పది కిలోమీటర్లు నడిచిందంటే బాగా నడిచినట్టే. కాబట్టి ముందు పడవ గురించి ఆలోచించకండి, రేవు గురించి ఆలోచించండి. ఏ రేవుకు వెళ్లారన్నదాన్ని బట్టే మీకు ఏం కనిపిస్తుందన్నది తేలిపోతుంది.

మనకు దగ్గరది రంభ. ఇచ్ఛాపురం, బరంపురం దాటాక సరస్సుకు దక్షిణపు కొస. చుట్టూ కొండలు, మధ్యలో రాతి దీవులు. బ్రేక్‌ఫాస్ట్ ద్వీపం మీద కళ్లికోట రాజుల నాటి బంగళా శిథిలాలు, నీళ్ల మధ్య ఒక బండ మీద పాత కాలపు దీపస్తంభం, ఘంటశిల గుట్ట, ఇవన్నీ రెండు మూడు గంటల్లో చుట్టి రావచ్చు. అందానికి నాలుగు రేవుల్లోనూ మా ఓటు రంభకే. కానీ అక్కడ డాల్ఫిన్ల మీద ఆశ పెట్టుకోకూడదు.

రెండోది బర్కుల్, బాలుగాఁవ్ స్టేషనుకు ఆరు కిలోమీటర్లు. కాళీజాయి అమ్మవారి గుడికి ఇక్కడినుంచి పోనూ రానూ, దర్శనంతో కలిపి రెండు గంటలు చాలు. నలబాణ పక్షి అభయారణ్యం వైపు వెళ్తే నాలుగు గంటలు వేసుకోండి. అక్కడ దిగనివ్వరు, దూరం నుంచే చూడాలి. మూడోది సాతపడా. డాల్ఫిన్లు, సముద్ర ముఖద్వారం ఉన్నది అటే. కానీ అది సరస్సుకు అవతలి ఒడ్డు, పూరీ నుంచి 50 కిలోమీటర్లు. మ్యాపులో బాలుగాఁవ్‌కి ఎదురుగా కనిపిస్తుంది కదా అని మోసపోకండి. రోడ్డు మీద చుట్టి వెళ్లాలంటే వంద కిలోమీటర్ల పైమాటే. నాలుగోది మంగళజోడి, టాంగీ దగ్గర. పక్షుల కోసం వెళ్లేవాళ్లది ఆ రేవు.

మీకు మా సలహా ఇది. రాత్రి రైలుకు బయల్దేరి తెల్లవారేసరికి బాలుగాఁవ్‌లో దిగండి. అన్ని ఎక్స్‌ప్రెస్‌లూ అక్కడ ఆగవు, టికెట్ తీసేముందు చూసుకోండి. బర్కుల్‌లో గది తీసుకుని, తొమ్మిదిలోపు కాళీజాయికి పడవ ఎక్కండి. మరునాడు తెల్లవారుజామున కారులో మంగళజోడి. డాల్ఫిన్లే ముఖ్యమని పిల్లలు పట్టుబడితే ఈ రెండూ వదిలేసి, పూరీలో బస పెట్టి సాతపడా వెళ్లండి. మూడూ కలిపి రెండు రోజుల్లో ఇరికిస్తే మీ అమ్మగారు కారులోనే అలసిపోతారు.

అమ్మగారిని ఎక్కించేటప్పుడు ఒక జాగ్రత్త. పడవను ముందూ వెనకా రెండు తాళ్లతో జెట్టీకి బిగించి కట్టమనండి. ఒక్క తాడే కడితే కాలు పెట్టగానే రెండో కొస దూరం జరుగుతుంది. జారిపడేవాళ్లు ఎక్కువమంది ఆ సందులోనే పడతారు. పడవ అంచు, జెట్టీ ఒకే ఎత్తులో ఉంటే అమ్మగారిని ముందు జెట్టీ మీద కూర్చోబెట్టి, కాళ్లు పడవలో పెట్టించి, లోపలున్న మనిషి రెండు చేతులూ పట్టుకుని దింపుకోవాలి. నిలబడి అంగ వేయించకండి. పల్చటి దిండు వెంట తీసుకెళ్లండి. పెద్దావిడ కదా అని పడవలో ప్లాస్టిక్ కుర్చీ వేస్తామంటారు, వద్దనండి. బరువు పైకెక్కితే పడవ ఊగుడు పెరుగుతుంది, కుర్చీ కాళ్లు జారతాయి.

పడవ బేరం ఎలా ఆడాలి? పోయినేడాది మాతో మూడు గంటలని చెప్పి, గంటన్నరకే ఒడ్డుకు చేర్చారు. అడిగితే "చూడాల్సినవి అయిపోయాయి" అన్నారు.
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం

మీరు గంటలు మాట్లాడారు, పడవాయన చోట్లు లెక్కేశాడు. తగాదాలు ఎక్కువగా ఇక్కడే పుడతాయి. రెండూ కలిపి మాట్లాడుకోవాలి.

సొంతంగా తీసుకునే పడవకు ధర మనిషికి కాదు, పడవకు. ఆరుగురు ఎక్కినా ఇద్దరు ఎక్కినా ఒకటే. రేవు దగ్గర పడవల సంఘం వాళ్ల ధరల పలక ఉంటే మొదట దాని ముందుకు వెళ్లి నిలబడండి. ఏ దారికి ఎంత అన్నది దాని మీదే చూసుకోవచ్చు. తర్వాత ఎక్కకముందే ఇవి తేల్చుకోండి: ఏయే చోట్లకు తీసుకెళ్తారు, ఒక్కోచోట ఎంతసేపు ఆగుతారు, ఆగిన సమయం మన గంటల్లోదేనా కాదా, డీజిలు ధరలో కలిసే ఉందా, దిగేచోట వేరే టికెట్ ఉంటే ఎవరిది, డాల్ఫిన్ల దగ్గర ఇంజను ఆపి ఎంతసేపు నిలుపుతారు. ఈ జవాబులను ఒక కాగితం మీద వరుసగా రాసి, బయల్దేరిన సమయం కూడా వేసి, పడవాయనకు చూపించండి. చదవడం రాకపోయినా అంకెలు అర్థమవుతాయి. సగం డబ్బు ముందు, సగం తిరిగొచ్చాక ఇవ్వండి. రసీదు ఇచ్చేచోట తప్పక తీసుకోండి, ఒడ్డున అదే మీకు ఆధారం.

రోడ్డు మీదే కారు ఆపి "రేవు మూసేశారు, మా దగ్గర పడవ ఉంది" అనేవాళ్లను నమ్మవద్దు. అసలు రేవు దాకా వెళ్లి మీ కళ్లతో చూసుకోండి. కారు డ్రైవరు పట్టుబట్టి ఒకే చోటికి తీసుకెళ్తానంటే, కమీషన్ మీ ధరలోంచే పోతుందని తెలుసుకోండి.

ఇక ముత్యాల సంగతి, మీరు అడగకపోయినా చెప్పాల్సిందే. సాతపడా వైపు దీవుల్లో దిగగానే ఒక బకెట్టులో గుల్లలు పెట్టుకుని కూర్చుంటారు. మీ ముందే గుల్ల తెరిచి, లోపలి మాంసంలోంచి గుండ్రటి మెరిసే ముత్యం తీసి చూపిస్తారు. కొందరు పగడాలంటూ ఎర్ర రాళ్లు కూడా తీస్తారు. తెరవకముందు ఆ గుల్లను మీ చేతిలోకి తీసుకుని చూడండి. బతికున్న గుల్ల రెండు చిప్పల్నీ లోపలి కండ గట్టిగా బిగబట్టి ఉంచుతుంది, కత్తి మొన దూర్చి బలంగా తిప్పితే గానీ విడిపోదు. వాళ్ల గుల్ల అంచు ముందే పెచ్చులూడి ఉంటుంది, గోటితోనే తెరుచుకుంటుంది. ముందే తెరిచి, పూస పెట్టి మూసింది అది. కొనకండి. పిల్లలకు చూపించడానికని ఎర్ర పీతల్ని కలుగుల్లోంచి తవ్వి తీసేవాళ్లకూ డబ్బులివ్వకండి. ఐదు నిమిషాలు కదలకుండా నిలబడితే ఆ పీతలు వాటంతట అవే ఇసుక మీదికి వస్తాయి, వందల కొద్దీ.

కచ్చులూరు ప్రమాదం తర్వాత పడవంటేనే మా ఇంట్లో భయం. చిన్న పడవ సురక్షితమో కాదో ఎక్కకముందే తెలుసుకోవడం ఎలా?
– ఒక పాఠకుడు, కాకినాడ

2019 సెప్టెంబరు 15న గోదావరిలో జరిగినది మరచిపోదగ్గది కాదు, మీ భయం న్యాయమైనదే. అయితే చిలికా వేరు. అక్కడ వరద సుడులు లేవు, చాలాచోట్ల లోతు రెండు మీటర్లు కూడా ఉండదు. ప్రమాదం వచ్చేది గాలి వల్ల, మోయగలిగినదానికన్నా ఎక్కువ ఎక్కించడం వల్ల, అందరూ ఒకవైపుకి ఒరగడం వల్ల. లోతు తక్కువని లైఫ్ జాకెట్ విప్పేవాళ్లు ఉన్నారు. ఈత రాని మనిషికి ఆరడుగుల నీళ్లైనా అరవై అడుగులైనా ఒకటే. పైగా అడుగున మోకాలి దాకా దిగబడే బురద ఉంటుంది.

జెట్టీ మీద నిలబడి మొదట పడవ అడుగుభాగం చూడండి. కొద్దిగా నీళ్లుంటే కంగారు అక్కర్లేదు, చెక్క పడవలన్నీ కొంత చెమ్మ పడతాయి. చీలమండ మునిగేంత ఉంటే, లేదా పది నిమిషాల్లో మట్టం పెరిగినట్టు కనిపిస్తే ఆ పడవ వద్దు. నీళ్లు తోడే డబ్బా, పొడవాటి గడ, ఒక తెడ్డు, లంగరు తాడు, ఈ నాలుగూ కనిపించాలి. ఇంజను మధ్యలో ఆగితే మిమ్మల్ని ఒడ్డుకు చేర్చేది ఆ గడే.

తర్వాత అందర్నీ కూర్చోబెట్టి పక్కనుంచి చూడండి. నీటి మట్టం నుంచి పడవ అంచు దాకా అడుగు ఎత్తైనా మిగలాలి. జానెడే మిగిలితే ఇద్దర్ని దింపండి, లేదా రెండో పడవ తీసుకోండి. పది మంది పడతారని పడవాయన అన్నా, ఆ పది మందిలో ఇంజను దగ్గర ఉండే తనూ సాయానికి వచ్చే కుర్రాడూ కూడా ఉన్నారని లెక్కేసుకోండి.

లైఫ్ జాకెట్ ఇవ్వగానే తొడుక్కుంటే సరిపోదు. మూడు బెల్టులూ బిగించాక, ఎదుటి మనిషి భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడాలి. జాకెట్ చెవులదాకా లేస్తే అది వదులు, నీళ్లలో పడ్డప్పుడు తలమీంచి ఊడిపోతుంది. పిల్లలకు పెద్దవాళ్ల జాకెట్ కట్టించడం మనవాళ్లు తరచూ చేసే తప్పు. కాళ్ల మధ్యనుంచి వచ్చే పట్టీ ఉన్నది అడగండి. లేకపోతే చున్నీతో తొడల మధ్యనుంచి ముందూ వెనకా కట్టండి. లోపలి నురగ పలక నొక్కితే మళ్లీ పైకి పొంగాలి. అట్టముక్కలా అణిగిపోయి ఉంటే అది తేల్చదు. వేరేది అడగండి.

ఇంజను విషయం కాస్త వివరంగా చెప్పాలి. చిలికాలో ఎక్కువ పడవలకు వెనకవైపు ఒకే సిలిండరు డీజిలు ఇంజను, దాన్నుంచి నీళ్లలోకి వంగి వెళ్లే పొడవాటి ఇనుప కడ్డీ, దాని చివర పంకా ఉంటాయి. లోతు తక్కువ, నాచు ఎక్కువ కాబట్టి ఈ ఏర్పాటు. నాచు పట్టినచోట సరంగు కడ్డీ చివరను పైకెత్తేస్తాడు. నాచు గానీ, తెగిన వల ముక్క గానీ పంకాకు చుట్టుకుంటే ముందు మోత మారుతుంది, టకటకలు నెమ్మదించి బరువెక్కుతాయి, పొగ నల్లబడుతుంది. అప్పుడు ఇంజను పూర్తిగా ఆపి, కడ్డీ పైకి లేపి, కత్తితో కోసి తీయాలి. రెండు నిమిషాల పని, భయపడాల్సింది లేదు. భయపడాల్సింది మరొకటి ఉంది. తిరిగే కడ్డీ చాలా పడవల్లో మూత లేకుండా ఉంటుంది. చీర కొంగు, చున్నీ, విరబోసుకున్న జుట్టు దానికి చిక్కితే క్షణంలో లాగేస్తుంది. ఆడవాళ్లు, పిల్లలు ముందు భాగంలో కూర్చోండి. అక్కడ మోత తక్కువ, పొగ తక్కువ. పొగ గొట్టం ఎర్రగా కనిపించకపోయినా చేయి కాలుతుంది.

చివరిది, అన్నిటికన్నా ముఖ్యమైనది. "అదిగో డాల్ఫిన్!" అని ఎవరో అరవగానే పడవలో అందరూ లేచి ఒక పక్కకి పోతారు. చిన్న పడవ తిరగబడేది ఆ క్షణంలోనే. ఎక్కగానే పిల్లలతో ఒక ఒప్పందం చేసుకోండి: ఏం కనిపించినా కూర్చునే చూడాలి, తల తిప్పాలే గానీ నడుము ఎత్తకూడదు.

డాల్ఫిన్ల కోసం రెండుసార్లు సాతపడా వెళ్లాం. ఐదారు పడవలు కలిసి తరమడమే తప్ప, సరిగ్గా చూసింది లేదు. టీవీలో చూసినట్టు ఎగరవా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

ఎగరవు. చిలికాలో ఉన్నవి ఇరావడీ డాల్ఫిన్లు. ముక్కు పొడుచుకొచ్చి ఉండదు, బుర్ర నున్నగా గుండ్రంగా ఉంటుంది, ఒళ్లు బూడిద రంగు, వీపు మీద చిన్న రెక్క. గాలి కోసం పైకి వచ్చినప్పుడు నుదురు, తర్వాత వీపు ఒక వంపులా కనిపించి మునిగిపోతుంది. ఒకటి రెండు సెకన్లు, అంతే. సరస్సు మొత్తానికి ఉన్నవి నూట యాభై అటూ ఇటూ. ఎక్కువగా తిరిగేది సాతపడా నుంచి సముద్రం వైపు పోయే పాయలో.

తరిమితే ఎందుకు కనిపించవంటే, ఇంజను మోత దగ్గరవుతుంటే అవి నీటి కిందే ఎక్కువ దూరం ఈది, మీరు అనుకోని దిక్కున తేలతాయి. పడవ అటు తిరిగేసరికి మళ్లీ మునుగుతాయి. రెండు మీటర్ల నీళ్లలో పంకా తిరిగేది సరిగ్గా అవి ఈదే లోతులోనే. వీపు మీద పంకా దెబ్బలు తగులుతాయి. గుంపులో పిల్ల ఉంటే తల్లి దాన్ని వదిలి పోలేక అక్కడక్కడే తిరుగుతుంది, దెబ్బ తినేదీ అదే. పడవ నడిపేవాళ్లు కావాలని చేసేది కాదిది. ఎక్కినవాళ్లు "ఇంకా దగ్గరికి, ఇంకా దగ్గరికి" అని అరుస్తుంటే, టిప్పు పోతుందేమోనని చేస్తారు. అంటే ఆపగలిగేది మీరే.

ఈసారి ఇలా చేయండి. ఉదయం ఏడుకల్లా నీళ్ల మీద ఉండండి. గాలి లేక నీరు అద్దంలా ఉన్నప్పుడు చిన్న వీపు కూడా కనిపిస్తుంది, అలలు లేచాక పది అడుగుల్లో ఉన్నా గుర్తుపట్టలేరు. డాల్ఫిన్లు తిరిగేచోటికి చేరాక ఇంజను ఆపించి, ఇరవై నిమిషాలు నిలపమనండి. బేరంలోనే ఈ ఇరవై నిమిషాలు అడిగి పెట్టుకోవాలి. చెరొక దిక్కు పంచుకుని కూర్చోండి. కళ్లకన్నా ముందు చెవులకు తెలుస్తుంది. ఎవరో గట్టిగా నిట్టూర్చినట్టు "ఫూ" అని ఊపిరి వదిలే శబ్దం వస్తుంది. ఆ దిక్కు చూస్తూ ఉండండి. ఒకసారి తేలినవి సాధారణంగా అదే దారిలో మళ్లీ తేలతాయి. యాభై మీటర్ల దూరం ఉంచుకోండి, వాటంతట అవి దగ్గరికి వస్తే అది మీ అదృష్టం. ఫోటో కావాలంటే 200 ఎం.ఎం. పైబడిన లెన్సు, షట్టరు సెకనులో వెయ్యో వంతు, వరుసగా తీసే మోడ్ పెట్టుకుని, తేలిన చోటికి కాదు, దానికి రెండు మూడు మీటర్ల ముందుకు గురి పెట్టండి. ఫోనుతో ప్రయత్నించడం కన్నా కళ్లారా చూడటం మంచిది.

మంగళజోడిలో పడవకు ఇంజను ఉండదట, నిజమేనా? పక్షుల ఫోటోలకు ఎప్పుడు, ఎలా వెళ్లాలి?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

నిజమే. అక్కడ అడుగు చదునుగా ఉండే సన్నటి పడవ, నిలబడి గడతో తోసే మనిషి. రెల్లు, తుంగ మధ్య కాలువల్లాంటి దారులు, మోకాలి లోతు నుంచి నడుము లోతు దాకా నీళ్లు. ఇంజను మోత లేనందువల్ల పక్షులు లేచిపోవు. ఒకప్పుడు ఆ ఊళ్లో పక్షుల్ని వేటాడి అమ్మడమే చాలా ఇళ్లకు బతుకుతెరువు. 2000 ప్రాంతంలో ఊరివాళ్లే పక్షి రక్షణ సమితి పెట్టుకుని వేట మానేశారు. ఇవాళ మీకు దారి చూపే పెద్దవాళ్లలో కొందరు అప్పటి వేటగాళ్లే. ఏ పక్షి ఏ దుబ్బులో ఉంటుందో వాళ్లకు తెలిసినట్టు మరెవరికీ తెలియదు. బైనాక్యులరు లేకుండానే పేరు చెబుతారు.

నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. మార్చి మొదలయ్యేసరికి వలస పక్షులు తిరుగుముఖం పడతాయి. ఉదయం ఆరు గంటలకల్లా పడవలో ఉండాలి, లేదా మధ్యాహ్నం మూడున్నర తర్వాత. డిసెంబరు, జనవరిలో కొన్ని రోజులు పొగమంచు ఎనిమిది దాకా విడవదు. కాబట్టి ఒక్క ఉదయం మీదే ఆధారపడకుండా ఆ సాయంత్రం కూడా చేతిలో ఉంచుకోండి. రెండు మూడు గంటల విహారం చాలు.

పడవకు ఇద్దరు, మహా అయితే ముగ్గురు. కెమెరా ఉన్నవాళ్లు ముందు కొసన, నేల మీదే కూర్చోవాలి. పక్షి కంటి ఎత్తులో కెమెరా ఉంటేనే ఫోటో బాగుంటుంది. ట్రైపాడ్ దండగ, బియ్యమో ఇసుకో నింపిన చిన్న సంచి పడవ అంచు మీద పెట్టి లెన్సు ఆనించండి. గడవేసే ఆయనకు ముందే చెప్పండి: సూర్యుడు మన వీపు వెనక ఉండేట్టు తిప్పమని, గురి పెట్టగానే చేయెత్తితే గడ ఆపమని. గడ బురదలోంచి తీసేటప్పుడు పడవ ఒక్క కుదుపు కుదుపుతుంది, ఆ క్షణంలో తీసిన ఫోటోలన్నీ వణుకుతాయి. ఎరుపు, తెలుపు, మెరిసే బట్టలు వద్దు.

నల్లతోక ఉల్లంకులు వేల సంఖ్యలో దిగుతాయి. సూదితోక బాతులు, నీలి బొల్లికోళ్లు, ఎర్రకాళ్ల పొడుగుకాళ్ల పిట్టలు దాదాపు తప్పకుండా కనిపిస్తాయి. బాపన బాతులు జంటలు జంటలుగా ఉంటాయి. మన కావ్యాల్లో రాత్రి విరహంతో వేగిపోయే చక్రవాకాలు ఇవే. కావి రంగు ఒంటితో పొద్దుటెండలో చూస్తే ప్రబంధ కవులు వాటినే ఎందుకు పట్టుకున్నారో తెలుస్తుంది. నీటికోడి గుడ్లు, గూళ్లు కనిపిస్తే దగ్గరికి తోయించకండి. తల్లి లేచిపోయిందంటే పైన తిరిగే గద్దకు దారి చూపించినట్టే.

సంక్రాంతి సెలవుల్లో కాళీజాయికి వెళ్లాలనుకుంటున్నాం. పడవ దొరుకుతుందా?
– ఒక పాఠకురాలు, సోంపేట

దొరకడం కష్టం, దొరికినా మేం వద్దంటాం. మకర సంక్రాంతికి కాళీజాయిలో జాతర. ఒడిశా నలుమూలల నుంచీ జనం వస్తారు. పడవలు కిటకిటలాడతాయి. కనుమ వెళ్లాక రెండు రోజులు ఆగి వెళ్లండి, లేదా డిసెంబరులోనే వెళ్లండి. జాయి అనే కొత్త పెళ్లికూతురు అత్తారింటికి వెళ్తుంటే తుపాను గాలికి పడవ మునిగి, ఆమె అమ్మవారై వెలిసిందని అక్కడి కథ. ఈ సరస్సులో గాలికి భయపడాలని అక్కడివాళ్లకు ఆ కథతోనే తెలుసు.

ఆ గాలి సంగతి అందరికీ పనికొస్తుంది. నీళ్లు లోతు లేనిచోట అల పొడుగ్గా సాగదు, పొట్టిగా నిటారుగా లేచి టపటపా కొడుతుంది. చిన్న పడవకు ఇదే కష్టం. చలికాలంలో ఉదయం పూట ప్రశాంతంగా ఉండి, పదకొండు దాటాక రేగుతుంది. మార్చి నుంచి దక్షిణపు గాలి మధ్యాహ్నాలు బలంగా వీస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం వాయవ్యం నుంచి నల్లటి మబ్బు లేచిందంటే అరగంటలో కాలవైశాఖి, అంటే ఉరుముల గాలివాన, మీద పడుతుంది. అదే నెలల్లో నీరు తగ్గి పడవలు బురదకు తగులుకుంటాయి కూడా. గడతో నెట్టినా కదలకపోతే మగవాళ్లు దిగి తోయాల్సి రావచ్చు. ఏ కాలంలోనైనా "ఇవాళ వద్దు బాబూ" అని పడవాయన అంటే రెండో పడవ వెతకవద్దు. పొద్దు గుంకేలోపు ఒడ్డుకు చేరేట్టు చూసుకోండి. చిన్న పడవలకు దీపాలుండవు, వలల గుంజలు చీకట్లో కనిపించవు.

చిలికా నీళ్లు ఉప్పుగా ఉంటాయా, తియ్యగా ఉంటాయా? ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతున్నారు.
– ఒక విద్యార్థి, పలాస

అందరూ నిజమే చెబుతున్నారు. ఉత్తరం నుంచి మహానది పాయలైన దయా, భార్గవి నదుల మంచినీళ్లు వస్తాయి, తూర్పున సముద్రం కలుస్తుంది. వానలప్పుడు మంగళజోడి వైపు నీరు దాదాపు మంచినీరే. ఎండాకాలంలో సాతపడా దగ్గర సముద్రమంత ఉప్పు. 1990ల్లో సముద్రంతో కలిపే పాయ పూడిపోయి, ఉప్పు తగ్గి, గడ్డీ నాచూ కమ్మేశాయి, చేపలు తగ్గిపోయాయి. చిత్తడి నేలల రక్షణకు కుదిరిన అంతర్జాతీయ రామ్‌సర్ ఒప్పందం కింద 1981లోనే గుర్తింపు పొందిన ఈ సరస్సు 1993లో ప్రమాదంలో ఉన్నవాటి జాబితాకెక్కింది. 2000 సెప్టెంబరులో సాతపడాకు దగ్గరలో కొత్త ముఖద్వారం తవ్వారు. ఉప్పు తిరిగొచ్చింది, చేపలూ పీతలూ తిరిగొచ్చాయి, 2002లో ఆ జాబితా నుంచి పేరు తీసేశారు.

పడవలో మరుగుదొడ్డి, తిండి సంగతి?
– ఒక పాఠకురాలు, అనకాపల్లి

చిన్న పడవల్లో మరుగుదొడ్డి ఉండదు. ఎక్కేముందు రేవులో పని కానిచ్చుకోవాలి. షుగరు మాత్రలు వేసుకునే పెద్దవాళ్లుంటే రెండు గంటలకు మించిన దారి పెట్టుకోకండి. మనిషికి లీటరు నీళ్లు, టోపీ, గాలి ఆడే పొడుగు చేతుల చొక్కా తీసుకోండి. నీటి మీద ఎండ కింది నుంచీ కొడుతుంది, గడ్డం కింద కూడా కాలుతుంది. వాంతి వచ్చేవాళ్లు ఇడ్లీలాంటి తేలికపాటి టిఫిను అరగంట ముందే తిని, ముందు వైపు చూస్తూ కూర్చోవాలి. ఖాళీ కడుపున ఎక్కితే ఇంకా తిప్పుతుంది.

తిరిగొచ్చాక బాలుగాఁవ్‌లో మండపీత, రొయ్యలు, పండుగప్ప వండిపెడతారు. పీతను తూకం వేసేటప్పుడు దగ్గరుండండి. కట్టిన తాడు తడిసి బురదగా ఉంటే ఆ బరువూ మీ లెక్కలోనే పడుతుంది. తాడు కడిగించి తూచమనండి. ధర కిలోకా, పీతకా, వండినందుకు విడిగా ఎంత అన్నది పొయ్యి మీద పెట్టకముందే అడగండి. కారం తగ్గించమని చెప్పాల్సిన అవసరం మనవాళ్లకు రాదు, పెంచమనే అడగాల్సి వస్తుంది. రంభ, బరంపురం వైపు ఆ మాట తెలుగులోనే చెప్పొచ్చు, చాలామందికి అర్థమవుతుంది.